లైనా, హాఫ్‌టోనా?

బ్లాకు చేయించడానికి షాపుకి ఎవరొచ్చినా మా మేస్త్రీ ముందు అడిగే మాట ఇదే. శుభలేఖ మీదికి వినాయకుడో, బిల్లు పుస్తకం మీదికి కొట్టు గుర్తో, సినిమా కరపత్రానికి చేత్తో రాసిన పేరో అయితే లైన్ బ్లాకు. మనిషి ముఖం ఉందంటే హాఫ్‌టోన్. రెంటికీ రేటు వేరు, పని వేరు, పాడయ్యే తీరు కూడా వేరు. విజయవాడలో ఆఫ్‌సెట్ యంత్రాలు ఇంకా చిన్న ప్రెస్సుల దాకా రాని రోజుల్లో నేను ఆ డార్క్‌రూమ్‌లో పని నేర్చుకున్నాను. బ్లాకులు మూలపడ్డాక డీటీపీలోకి, అక్కణ్ణుంచి హైదరాబాద్ వెళ్లి వెబ్ పేజీలు కట్టే పనిలోకి వచ్చాను. గిఫ్ పెట్టాలా, జేపెగ్ పెట్టాలా అని పక్క సీట్లో కుర్రాళ్లు తర్జనభర్జన పడుతుంటే నాకు మేస్త్రీ గొంతే వినపడేది. వెబ్‌లో బొమ్మల చరిత్రంతా ఆయన ప్రశ్నకి ఎవరెవరు ఏం జవాబు చెప్పారన్నదే అని నా నమ్మకం. మన తెలుగువాళ్లం అందులో ఒక విచిత్రం చేశాం. అక్షరాల్నే బొమ్మలు చేసి వెబ్ మీద పెట్టాం. ఆ సంగతి తర్వాత.

ముందు బ్లాకుల మాట. లైన్ బ్లాకులో ఉన్నచోట నలుపు, లేనిచోట తెలుపు, మధ్యలో ఇంకేం లేదు. వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద నెగెటివ్ అచ్చు వేసి నైట్రిక్ యాసిడ్‌లో పెడితే, గీత ఉన్నచోటు మిగులుతుంది, మిగతాదాన్ని యాసిడ్ తినేస్తుంది. ఆ రేకుని చెక్కకి కొట్టి సీసపు టైపుల ఎత్తుకి తెస్తే ట్రెడిల్ మీదికి ఎక్కుతుంది. ఫోటో ఇలా లొంగదు. ఫోటోలో బూడిదరంగులున్నాయి, ప్రెస్సులో ఉన్నదేమో నల్లసిరా ఒక్కటే. అందుకని కెమెరాలో నెగెటివ్‌కి ముందు నిలువుగీతలూ అడ్డగీతలూ గీసిన గాజు స్క్రీన్ పెట్టి, ముఖాన్ని చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టేవాళ్లం. అంగుళానికి ఎన్ని గీతలన్నది కాగితాన్ని బట్టి ఉంటుంది. న్యూస్‌ప్రింట్‌కి 65, నునుపైన ఆర్ట్ పేపర్‌కి 133. సత్యజిత్ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురీ కలకత్తాలో కూర్చుని ఈ స్క్రీన్ల లెక్కలు తేల్చి, ఇంగ్లండ్ నుంచి వెలువడే పెన్రోజ్ వార్షికలో వ్యాసాలు రాశారు. మా మేస్త్రీ ఆ పేరు విని ఉండడు. కానీ ఫోటో మీద అక్షరాలుంటే 65 స్క్రీన్‌లో అవి చితికిపోతాయని ఆయనకి తెలుసు. అక్షరాల్ని విడిగా లైన్ చేయించి ఫోటో పక్కన బిగించేవాడు. ఒత్తులున్న మాటైతే మరీ జాగ్రత్త పడేవాడు.

వెబ్ పుట్టినప్పుడు అందులో బొమ్మలకి చోటు లేదు. భౌతికశాస్త్రవేత్తలు కాగితాలు పంచుకోవడానికి టిమ్ బెర్నర్స్-లీ చేసిన ఏర్పాటు అది. అయినా 1992 జులైలో జెనీవా దగ్గరి సెర్న్‌లో, అక్కడి ఉద్యోగి సిల్వానో డి జెన్నారో తీసిన ఫోటో ఒకటి వెబ్ మీదికెక్కింది. సెర్న్‌తో ముడిపడ్డ అమ్మాయిలు నలుగురు, క్వార్కుల మీదా కొలైడర్ల మీదా హాస్యపు పాటలు పాడే బృందం, పేరు లెజ్ ఓరీబ్ల్ సెర్నెట్. వెబ్ మీద పెట్టిన మొదటి ఫోటోల్లో అదొకటి. అది గిఫ్ ఫైలు. లింకు నొక్కితేనే బొమ్మ తెరుచుకునే కాలం అది. రాతల మధ్యలో బొమ్మ కూర్చోవడం ఇంకా రాలేదు.

ఆ పని చేసింది మార్క్ ఆండ్రీసన్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో మొజాయిక్ బ్రౌజర్ రాస్తున్న కుర్రాడు. 1993 ఫిబ్రవరి 25న వెబ్ తయారీలో ఉన్న తోటివారికి, ఐఎంజీ అనే ట్యాగు ఒకటి పెడదాం, బొమ్మ ఎక్కడుందో అందులో చెబుదాం అని ప్రతిపాదన పంపాడు. వద్దు, ఇంతకన్నా పద్ధతైన దారి వెతుకుదాం, బొమ్మలొక్కటే కాదు రేపు ఇంకేవైనా ఇమిడేలా చేద్దాం అని బెర్నర్స్-లీతో సహా పలువురు అన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. కానీ ఆండ్రీసన్ బ్రౌజర్ విడుదలకి సిద్ధంగా ఉంది. అతను తన ట్యాగుతోనే ముందుకెళ్లాడు, లోకం అతని వెనకాలే వెళ్లింది. ఆ ప్రతిపాదనలో కనీసం చూపించాల్సిన ఫార్మాట్లంటూ అతను పేర్కొన్నవాటిలో ఎక్స్‌బీఎం ఒకటి. యునిక్స్ యంత్రాల మీద చిన్న చిన్న గుర్తులు వేసుకునే ఫార్మాట్. పిక్సెల్‌కి ఒకే బిట్, నలుపో తెలుపో. అచ్చం మా లైన్ బ్లాకే.

మొజాయిక్ పేజీలో నిజంగా స్థిరపడింది మాత్రం గిఫ్. దీని పుట్టుక వెబ్ కన్నా పాతది. ఒహాయోలోని కాంప్యుసర్వ్ కంపెనీ ఫోన్ లైన్ల మీద చందాదారులకి సమాచారం పంపే వ్యాపారం చేసేది. అక్కడ స్టీవ్ విల్‌హైట్ బృందం 1987 జూన్‌లో ఈ ఫార్మాట్ తెచ్చింది. ఒక బొమ్మలో గరిష్ఠంగా 256 రంగులు, ఆ రంగుల పట్టిక ఫైలు మొదట్లోనే. పిక్సెళ్లని వరసగా చదువుతూ, ఒకసారి వచ్చిన రంగుల వరస మళ్లీ వస్తే దాన్ని పూర్తిగా రాయకుండా ఒక సంఖ్యతో సరిపెట్టే ఎల్‌జడ్‌డబ్ల్యూ పద్ధతి. విశాలమైన తెల్ల నేల మీద నాలుగు నల్ల గీతలుంటే ఫైలు ఇట్టే కుంచించుకుపోతుంది. ముఖం పెడితే మాత్రం బుగ్గల మీద మచ్చలు. ఆ మచ్చలు దాచడానికి డిథరింగ్ అని రంగు చుక్కలు చల్లితే వరసలు తెగిపోయి ఫైలు ఉబ్బుతుంది. లైన్ బ్లాకులో హాఫ్‌టోన్ చేయబోయినట్టే.

ఫైలు ఉబ్బితే ఏమైందని ఇప్పటివాళ్లు అడగొచ్చు. వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. విద్యార్థులకిచ్చిన చవక ఖాతాలో రాతలే కనపడేవి, బొమ్మలు రావు. బొమ్మలొచ్చే ఖాతా ఖరీదు, దాని పైన టెలిఫోన్ బిల్లు వేరే. 28.8 మోడెమ్ కాగితం మీద సెకనుకి 3.6 కిలోబైట్లు తెస్తుంది, మన లైన్ల మీద అంతా రాదు. 50 కిలోబైట్ల బొమ్మకి పదిహేను సెకన్లు అనుకుంటే అది ఆశ. అందుకే గిఫ్‌లో వరసలు మార్చి పంపే పద్ధతుండేది. ముందు ప్రతి ఎనిమిదో వరస, తర్వాత మధ్యవి, అలా నాలుగు విడతల్లో బొమ్మ తేరుకునేది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్నవాడు మొదటి విడతకే ఇది తనక్కావలసిన బొమ్మో కాదో తేల్చుకుని వెనక్కి పోగలిగేవాడు. మర్యాదంటే అదీ.

ఇక హాఫ్‌టోన్ వైపు. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి, ఎందుకంటే ఇందులో మనవాళ్లున్నారు.

బెంగళూరులో పుట్టి అక్కడే ఇంజినీరింగ్ చదివిన నాసిర్ అహ్మద్, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్న కామిశెట్టి రామమోహనరావు, ఇద్దరూ అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయం నుంచి 1966లో డాక్టరేట్లు తీసుకున్నారు. అహ్మద్ కాన్సాస్ రాష్ట్రానికీ, రావు టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌కీ అధ్యాపకులుగా వెళ్లారు. ఇంటిపేరు వినగానే రావుగారి మూలాలు ఏ భాషలో ఉన్నాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన గిండీ నుంచి బయటికొచ్చిన 1952 నాటికి మద్రాసు, ఆంధ్ర ఇంకా ఒకే రాష్ట్రం.

బొమ్మనీ ధ్వనినీ తక్కువ అంకెల్లో చెప్పడానికి కొసైన్ తరంగాలు వాడొచ్చని అహ్మద్‌కి తోచింది. దీని మీద పనిచేస్తాను, డబ్బివ్వండి అని 1972లో అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్నది పరిశీలించినవాళ్లలో ఒకరి అభ్యంతరమట, తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1973 వేసవిలో జీతం లేకుండా ఆ పని మీదే కూర్చున్నాడు. దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి టి. నటరాజన్, దూరాన రావు తోడయ్యారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో చిన్న పత్రం అచ్చయింది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, క్లుప్తంగా డీసీటీ. ఈ రోజు మన ఫోన్లో దిగే ప్రతి జేపెగ్ ఫోటో కిందా ఆ లెక్కే ఉంది. 2020లో అహ్మద్ కథని అమెరికాలో ఒక టీవీ ధారావాహికలో చూపించారు. రావుగారు 2021 జనవరిలో పోయారు. మన పత్రికల్లో ఆయన గురించి రావాల్సినంత రాలేదని నాకో చిన్న కినుక.

ఆ లెక్క చేసే పని ఇది. ఫోటోని ఎనిమిదికి ఎనిమిది, అంటే 64 పిక్సెళ్ల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలోని 64 వెలుగు విలువల స్థానంలో మరో 64 అంకెలు వస్తాయి. మొదటి అంకె గడి మొత్తం సగటు వెలుగు. తర్వాతవి మెల్లగా మారే ఛాయలు, చివరి వరసల్లోవి సన్నటి గరుకు వివరాలు. ఇంతవరకూ పోయిందేమీ లేదు. పోగొట్టడం ఇక్కడ మొదలవుతుంది. కిరాణా కొట్టులో చిల్లర పైసలు రద్దు చేసి రూపాయల్లో లెక్క కట్టినట్టు, ప్రతి అంకెనీ దగ్గరి గుండు సంఖ్యకి తెస్తారు. మొదటి అంకెలకి కొంచెమే రద్దు, చివరివాటికి ఎక్కువ. చివరివన్నీ దాదాపు సున్నాలైపోతాయి. సున్నాలు వరసగా ఉంటే వాటిని చెప్పడానికి ఎంత చోటు కావాలి? దీనికి తోడు, మన కన్ను వెలుగులో తేడాని పట్టినంతగా రంగులో తేడాని పట్టదు కాబట్టి రంగు వివరాల్ని ముందే పలచన చేస్తారు. 640కి 480 ఫోటో మామూలుగా 9,21,600 బైట్లు. జేపెగ్‌లో అందులో పదో వంతుకి తెచ్చినా ముఖం ముఖంలాగే ఉంటుంది.

1986లో ఏర్పడిన నిపుణుల సంఘం, జాయింట్ ఫోటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్, వచ్చిన పద్ధతులన్నీ పోల్చి చూసి 1988లో డీసీటీని ఎంచుకుంది. ప్రమాణం 1992లో ఖాయమైంది. దాన్ని జనం చేతికిచ్చింది మాత్రం టామ్ లేన్ నడిపిన స్వచ్ఛంద బృందం. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోగల ప్రోగ్రాము రాసి 1991 అక్టోబరులోనే బయటపెట్టారు. ఆ కోడే లేకపోతే ప్రమాణం అల్మారాలో ఉండేది. మొజాయిక్‌లో జేపెగ్ చూడాలంటే మొదట్లో వేరే ప్రోగ్రాము తెరవాల్సి వచ్చేది. 1994 చివర్లో నెట్‌స్కేప్ వచ్చాక పేజీ లోపలే కనపడసాగింది. లైనూ హాఫ్‌టోనూ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చున్నాయి.

సరిగ్గా అప్పుడే లైన్ బ్లాకు మీద దావా వచ్చింది. గిఫ్ లోపల వాడిన ఎల్‌జడ్‌డబ్ల్యూ పద్ధతి టెరీ వెల్చ్ 1984లో ప్రచురించినది. ఆయన పనిచేసిన స్పెరీ కంపెనీకి 1985లో దాని మీద పేటెంటు వచ్చింది. మరుసటేడు స్పెరీ మరో కంపెనీతో కలిసిపోయి యూనిసిస్ అయింది. కాంప్యుసర్వ్ వాళ్లు గిఫ్ చేసిననాడు ఈ పేటెంటు సంగతి ఎరగరు. 1994 డిసెంబరు చివర్లో, గిఫ్ చదివే, రాసే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఇకపై లైసెన్సు కట్టాలని ప్రకటన వచ్చింది. ప్రోగ్రామర్లు మండిపడ్డారు. వారం తిరిగేలోగా, 1995 జనవరి 4న, థామస్ బౌటెల్ కొత్త ఫార్మాట్‌కి చిత్తుప్రతి రాసి అందరి ముందూ పెట్టాడు. పలువురు చేతులు కలిపి దాన్ని దిద్దారు. పీఎన్‌జీ అని పేరు పెట్టారు. 1996 అక్టోబరు 1న వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. కోపంలో మొదలైన పని ఇంత శుభ్రంగా రావడం నేను చాలా అరుదుగా చూశాను. 256 రంగుల గిరి పోయింది. ఒక్క పిక్సెల్ కూడా చెడకుండా కుదించే పద్ధతి, ఎవరి పేటెంటూ లేనిది. అన్నిటికన్నా ముఖ్యం, పారదర్శకతకి 256 మెట్లు. గిఫ్‌లో పిక్సెల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు.

అయినా పీఎన్‌జీ రావడానికి ఏళ్లు పట్టింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ దాకా సగం పారదర్శకంగా ఉండాల్సినచోట బూడిద రంగు పలక చూపేది. 2006లో ఏడో వెర్షన్‌తో గాని అది కుదుటపడలేదు. ఈలోగా 1999లో లైసెన్సు గొడవ మళ్లీ రాజుకుని, ఆ నవంబరు 5న గిఫ్‌లన్నీ తగలబెట్టే రోజంటూ ఉద్యమకారులు పిలుపునిచ్చారు. పేటెంటు గడువు అమెరికాలో 2003 జూన్‌లో, మిగతాచోట్ల మరుసటేడు తీరింది. మేం పనిచేసేచోట ఈ గొడవలేవీ ఎవరికీ పట్టలేదు. ఫోటోషాప్ 5.5లో వెబ్ కోసం సేవ్ చేసే కిటికీ వచ్చింది, నాలుగు నకళ్లు పక్కపక్కన పెట్టి ఏది ఎన్ని కిలోబైట్లో చూపించేది. మా లోకం ఆ కిటికీ.

ఇప్పుడు తెలుగు సంగతి. తెలుగుకి యూనికోడ్‌లో చోటు 1991లోనే ఉంది, కానీ మామూలు మనిషి కంప్యూటర్‌లో అది కనపడే దారి లేదు. అమెరికాలో చదువుకునే తెలుగు కుర్రాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్తోనే తెలుగు రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతర పద్ధతి అలా వ్యాపించింది. పత్రికలు వెబ్‌కి వచ్చినప్పుడు ఎవరి ఫాంటు వాళ్లు చేసుకున్నారు. ఫాంటు దానంతటదే దిగితే సరే, దిగకపోతే పాఠకుడికి కనపడేది పిచ్చిగీతల్లాంటి ఇంగ్లిష్ అక్షరాలు. విదేశాల్లో ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఫాంటు ఎక్కించుకునే అనుమతి ఎక్కడిది? అతనికి ఏ యంత్రం మీదైనా తప్పకుండా కనపడేది ఒక్కటే, బొమ్మ. అందుకని పేజ్‌మేకర్‌లో కంపోజు చేసిన కథనీ కవితనీ ఫోటోషాప్‌లోకి తెచ్చి, గిఫ్‌గా కోసి పేజీలో పేర్చేవాళ్లం. కోత రెండు వరసల మధ్య తెల్లచోటులో పడాలి, ఒత్తుల కింద. ఒక మిల్లీమీటరు పైకి జరిగితే పై ముక్కలోని క్రావడి తోక కింది ముక్కలో తేలుతుంది.

అక్షరాల అంచులు నునుపుగా కనపడాలంటే నలుపుకీ తెలుపుకీ మధ్య కొన్ని బూడిద ఛాయలు కావాలి. 256 అక్కర్లేదు, ఎనిమిదో పదహారో చాలు. రంగుల పట్టికని అంతకి కుదిస్తే ఫైలు దిగుతుంది. నేల తెలుపు కాక పసుపైతే ఇంకో తంటా. తెల్ల నేల మీద తీసిన అక్షరం చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోయి, వానలో తడిసిన గోడరాతలా అయ్యేది. ఆల్ట్ అని బొమ్మ రాకపోతే చదివే మాట రాసే చోటొకటుంది. అందులో తెలుగు రాయలేం కదా, కథ పేరు ఇంగ్లిష్ అక్షరాల్తో పెట్టేవాళ్లం. వెతికే యంత్రాలకి ఆ కథల్లో దొరికింది ఆ రెండు మాటలే.

కొందరు ఈ పేజీల్ని జేపెగ్‌లో పెట్టారు, అదే పెద్ద నేరం నా దృష్టిలో. డీసీటీ ముఖాలకి పుట్టిన లెక్క. నల్ల గీత పక్కనే తెల్ల నేల వచ్చే గడిలో చివరి వరసల అంకెలే ప్రాణం, జేపెగ్ ముందు పోగొట్టేది వాటినే. గీత చుట్టూ బూడిద రంగు రవ్వలు లేస్తాయి. ఇంగ్లిష్ అక్షరం ఆ దెబ్బకి కాస్త తట్టుకుంటుంది. తెలుగులో ‘ష’లో పొట్టలోని చిన్న గీత, ‘ధ’ కింద చుక్కలాంటి ఒత్తు, ‘ఘ’కీ ‘ఫ’కీ ఉన్న కొసలు ఎనిమిది పిక్సెళ్ల గడిలో రవ్వలతో కలిసిపోతాయి. కుదించిన జేపెగ్‌ని తెరిచి మళ్లీ కుదిస్తే ఇంకాస్త.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్షరం మళ్లీ అక్షరమైంది. గిఫ్ ముక్కలు కోసే పని పోయింది, నాకేమీ బెంగ లేదు.

ఆ తర్వాత ఫార్మాట్లు వచ్చాయి గాని ప్రశ్న మారలేదు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ ఒకే పేరు కింద పోగొట్టే పద్ధతీ పోగొట్టని పద్ధతీ రెండూ పెట్టుకుంది, లైనూ హాఫ్‌టోనూ ఒకే షట్టరు కింద నడిపే షాపు. యాపిల్ సఫారీ దాన్ని చూపడానికి 2020 దాకా ఆగింది. వీడియో కుదింపు నుంచి పుట్టిన ఏవీఐఎఫ్ ఇంకా చిన్న ఫైళ్లిస్తుంది. గుర్తులకీ గీతబొమ్మలకీ ఎస్‌వీజీ ఉంది, పిక్సెళ్లే లేకుండా గీత దారిని లెక్కగా చెబుతుంది, ఎంత పెంచినా పగలదు. మేస్త్రీకి చూపించి ఉంటే యాసిడ్ తొట్టె అమ్మేసేవాడు.

అక్షరాల్ని బొమ్మలు చేసే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు. వాట్సాప్‌లో తిరిగే పద్యాలూ సామెతలూ పండగ శుభాకాంక్షలూ చాలావరకు జేపెగ్‌లే. ఒకరు స్క్రీన్‌షాట్ తీసి, ఇంకొకరు అంచు కత్తిరించి, మరొకరు మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ చిల్లర రద్దవుతూనే ఉంటుంది.

మూతపడిన కొన్ని తెలుగు వెబ్ పత్రికల పాత పేజీలు నా దగ్గర సీడీల్లో ఉన్నాయి. ఖాళీ ఉన్నప్పుడు వాటిని పెద్దవి చేసి, తెలుగు చదవగల ఓసీఆర్ ప్రోగ్రాముకి ఇస్తున్నాను. గిఫ్‌లుగా పెట్టిన కథలు కాస్త దిద్దితే చాలు, పుస్తకంలోకి వెళ్లేంత బాగా వస్తున్నాయి. జేపెగ్‌లుగా పెట్టినవాటిలో ‘ధ’లన్నీ ‘ద’లవుతున్నాయి, క్రావడి ఉన్న ప్రతి మాటనీ నేనే కూర్చుని మళ్లీ టైపు చేసుకోవాల్సి వస్తోంది.